స్కూటరుకు నూట ఎనిమిది జ్వరం

పటాన్‌చెరు మొదలుకొని సంగారెడ్డి దాకా రోడ్డుకు రెండు పక్కలా ఫ్యాక్టరీలున్న మా ప్రాంతంలో చల్లదనం అనేది అందరికీ పంచేది కాదు, అర్హతను బట్టి మంజూరు చేసేది. మొదటి అర్హత మందుల పొడిది. అది ఇరవై అయిదు డిగ్రీలు దాటితే పాడైపోతుంది కనుక దానికి ఏసీ. రెండోది కంప్యూటరుది. దానికి ఏసీతో పాటు కిటికీకి తెర, గుమ్మం ముందు చెప్పులు విడిచే మర్యాద కూడా ఉన్నాయి. మూడోది ఆఫీసరుది. వేడికి ఆయన పాడవుతారో లేదో ఎవరూ పరీక్షించి చూడలేదు గానీ, ముందు జాగ్రత్తగా ఏసీ పెట్టారు. నాలుగోది దస్త్రాలది, వాటికి ఫ్యాను. జాబితా అక్కడితో అయిపోతుంది. మనుషులు ఎన్నో నంబరులో వస్తారా అని నేను చాలా రోజులు వెతికాను. (నేను చదివింది ఏడో తరగతే. పై చదువులు చదివినవారికి కనిపిస్తుందేమో.)

ఇదంతా నాకు మా ఇంటి గ్యారేజీ వల్ల తెలిసింది.

ఇస్నాపూర్ దాటాక లోపలికి ఉన్న మా కాలనీని ఉద్యోగుల గృహ నిర్మాణ సహకార సంఘం వారు కట్టారు. ప్లాను గీసిన ఇంజనీరు గారికి దేశం మీద చాలా నమ్మకం. ప్రతి ఇంటికీ ఒక గ్యారేజీ గీశారు. నూట పన్నెండు ఇళ్ళు, నూట పన్నెండు గ్యారేజీలు, కార్లు మాత్రం సున్న. మనుషులకు రెండు గదులు, ఎప్పటికైనా రాబోయే కారుకు మూడో గది. దానికి ఇటుక గోడలు, పైన ఇనుప రేకులు, పడమటి వైపు ఇనుప షట్టరు. కిటికీ లేదు. కారు కిటికీలోంచి ఏం చూస్తుంది అని ఇంజనీరు గారు అడిగారట. వాస్తవమే. కాలనీలో కొందరు ఆ గదిలో విరిగిన మంచాలు పెట్టుకున్నారు, కొందరు కట్టెలు పెట్టుకున్నారు. మేము మా ఆయన స్కూటరు పెట్టాం. మిగిలిన జాగాలో మా అబ్బాయి యాదగిరిని పెట్టాం.

యాదగిరి ఐటీఐ పాసయ్యాడు. ఫ్యాన్లకు, కూలర్లకు కాలిపోయిన మోటార్లలో రాగి తీగ మళ్ళీ చుట్టి బాగుచేస్తాడు. ఆ పని ఇంట్లో చేసుకోరా అంటే, వార్నిషు వాసనకు మా అత్తకు ఆయాసం వస్తుంది. పొద్దున చల్లటి పూట చేసుకోరా అంటే, ఎవరింట్లో కూలరైనా మిట్టమధ్యాహ్నమే చెడిపోతుంది, వాళ్ళు అప్పుడే మోసుకొస్తారు. ఆ విధంగా కాలనీలో సగం ఇళ్ళను చల్లగా ఉంచుతున్నది మా వాడే. ఆ చల్లదనం తయారయ్యే చోటు మాత్రం రొట్టెలు కాల్చే భట్టీ.

పోయిన సంవత్సరం మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ఒళ్ళో ఉన్న మోటారుతో సహా వాడు కింద పడిపోయాడు. కళ్ళు తేలేశాడు. ఒళ్ళు నూట అయిదు. డాక్టరు వచ్చి రెండు సీసాలు సెలైన్ ఎక్కించి, "ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే..." అని ఆపేశాడు. ఆ మాటను ఆయన ఎందుకు పూర్తి చేయలేదో తెలియదు. సంవత్సరం పొడుగునా రోజూ నేనే పూర్తి చేసుకుంటూ వచ్చాను, రోజుకో రకంగా.

అందుకని ఈసారి, అంటే తొంభై ఎనిమిదిలో, శివరాత్రి వెళ్ళీ వెళ్ళకముందే జాగ్రత్తలు మొదలుపెట్టాను. మొదటి జాగ్రత్త ఉల్లిగడ్డ. వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిగడ్డ పెట్టుకోవడం మా వైపు అందరికీ తెలిసిన సంగతే. పొద్దున్నే వాడి చొక్కా జేబులో ఒకటి వేస్తాను. వాడు తీసేస్తాడు. నేను మళ్ళీ వేస్తాను.

"అమ్మా, నా అంగీ అంతా వాసనొస్తున్నదే. కూలర్ తెచ్చినోళ్ళు నన్ను మిర్చి బండోడనుకుంటున్నరు."

"అనుకోనీ బిడ్డా. మిర్చి బండోడైతే బతికి ఉన్నట్టే గదా."

రెండో జాగ్రత్తగా రేకుల మీద సున్నం కొట్టించాను. మూడోదిగా గోడ పక్కన బీర గింజలు పెట్టి, తీగను రేకుల మీదికి పాకించాను. నాలుగోదిగా షట్టరుకు గోనె సంచులు కట్టి రెండు పూటలా నీళ్ళు చల్లాను. లోపల వేడి కొంచెం దిగింది. సరిగ్గా అప్పుడే సంఘం నుంచి నోటీసు వచ్చింది.

నోటీసులో మూడు నేరాలు ఉన్నాయి. ఒకటి, కాలనీ పైకప్పులన్నీ రేకు రంగులో ఉండాలన్న తీర్మానానికి విరుద్ధంగా తెల్ల రంగు వేయడం. రెండు, గోనె సంచుల రూపంలో అనుమతి లేని నీటి నిల్వ. మూడోది చదివి నేను కూర్చుండిపోయాను. బీర తీగ రేకుల మీద దట్టంగా అల్లుకుని, కింద నీడ, పైన ఆకు, మధ్యలో ఖాళీ జాగా ఏర్పడినందున, దానిని అనుమతి లేని మొదటి అంతస్తుగా పరిగణిస్తున్నారు. (అప్పటికి ఆ అంతస్తులో నాలుగు బీరకాయలు, ఒక తొండ కాపురం ఉన్నాయి.)

నోటీసు పట్టుకుని సంఘం ఆఫీసుకు వెళ్ళాను. అది నీళ్ళ ట్యాంకు పక్కన ఉన్న రేకుల గది. సెక్రటరీ త్రినాథరావు గారు ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో స్టోర్సు చూసి రిటైరయ్యారు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళ కింద ఇక్కడ స్థిరపడ్డారు. మాట మెత్తన. ఎవరినీ కాదనరు, నిబంధనల పుస్తకం తెరిచి దాని చేత అనిపిస్తారు. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. ఆయన గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ, పొయ్యి మీది గాలిని తెచ్చి మొహాన కొడుతోంది.

"సత్తెమ్మగారూ, గ్యారేజీ అంటే ఏమిటండీ?" అని అడిగారు.

"బండి పెట్టేది సార్."

"మరి అందులో అబ్బాయి ఎందుకున్నాడండీ?"

"పని చేసుకుంటున్నడు సార్."

"చూశారా మరి. మనిషి ఉంటే అది గది అయిపోతుందండీ. ప్లానులో ఆ గది లేదు. లేని గదిని చల్లబరచడానికి నేను పర్మిషన్ ఎలా ఇస్తాను? మనిషి లేడనుకోండి, అది గ్యారేజీ. ఎవరూ లేని గ్యారేజీని చల్లబరచడం ఎందుకండీ, చెప్పండి?"

"పోయినేడు నా కొడుకు అండ్లనే పడిపోయిండు సార్. డాక్టర్ సాబ్ ఆశ లేదన్నట్టే మాట్లాడిండు."

త్రినాథరావు గారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "అక్కడ పడిపోయాడని మీరంటే, అక్కడ ఉన్నాడని ఒప్పుకున్నట్టవుతుందమ్మా. మీకే ఇబ్బంది. నేను వినలేదనుకుంటాను, వెళ్ళిరండి."

నేను వచ్చేసి సున్నం గీకించాను, సంచులు విప్పాను, మొదటి అంతస్తును కొడవలితో కోసేశాను. (తొండ మాత్రం నోటీసును లెక్కచేయకుండా మరో రెండు రోజులు ఉంది.)

దారి చూపించింది మా ఆయన లింగం. ఆయన మందుల కంపెనీ గోదాములో డ్రమ్ములు మోస్తాడు. ఏసీ గదిలోకి డ్రమ్ము పెట్టడానికి వెళ్ళినప్పుడల్లా వెనక నుంచి సూపర్‌వైజరు, "దర్వాజా జల్దీ బంద్ కరో, మాల్ గరమ్ హోతా" అని, అంటే సరుకు వేడెక్కుతోందని, అరుస్తాడట. మా ఆయన తలుపు మూస్తాడు, తాను బయటి వైపు ఉంటాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఆ రోజు రెండో షిఫ్టుకు పోయే ముందు అన్నం తింటూ నా ఏడుపంతా విన్నాడు.

"నీకేమన్న అకలుందానే," అన్నాడు. "మనిషి పేరు మీద సల్లదనం అడుగుతె ఎవడిస్తడు? మాల్ పేరు మీద అడుగు. మా కంపెన్ల గంతే."

"మన ఇంట్ల మాల్ ఏడుంది?"

ఆయన చేయి కడుక్కుంటూ గడ్డంతో గ్యారేజీ వైపు చూపించాడు. అక్కడ స్కూటరు ఉంది.

మర్నాడు ఆఫీసుకు పోయి స్కూటరుకు ఎండ తట్టుకోవడం కష్టంగా ఉందని చెప్పాను. త్రినాథరావు గారి ముఖం విప్పారింది. "అలా చెప్పండి మరి. దీనికి నిబంధన ఉందండీ. పద్నాలుగు, ఇ. వాహన సంరక్షణ," అంటూ లేచి బీరువాలోంచి ఫారం తీశారు. కాలనీ పుట్టిన దగ్గర్నుంచి ఆ ఫారం అడిగిన మొదటి మనిషిని నేనేనట. వాహనాల కోసం విడిగా ఫారం అచ్చువేయించలేదు కనుక, సభ్యుల చేరిక ఫారం పైన "సభ్యుడు" అన్న మాట కొట్టేసి "వాహనము" అని రాసి ఇచ్చారు.

నేను బల్ల మీదే నింపాను. వాహనము పేరు: స్కూటరు. తండ్రి లేక భర్త పేరు: లింగం. వయసు: పదకొండు. వృత్తి: కంపెనీకి పోయి వచ్చుట. దురలవాట్లు: పొగ. గతంలో ఏవైనా అనారోగ్యములు కలవా అన్న చోట నా చేయి ఆగింది. నాకు కల్పించి రాయడం చేతకాదు. జరిగిందే రాశాను. "గత మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు కింద పడిపోయింది. కళ్ళు తేలేసింది. రెండు సీసాలు సెలైన్ ఎక్కించారు. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే" అని రాసి, డాక్టరు లాగే అక్కడ ఆపేశాను.

త్రినాథరావు గారు శ్రద్ధగా చదివారు. "కళ్ళు" కొట్టేసి "హెడ్‌లైటు" అని దిద్దారు. "సెలైన్" కొట్టేసి "పెట్రోలు" అని రాశారు. తరువాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇప్పుడు గ్యారేజీలో ఎంత వేడి ఉందో కొలిచి రాయాలండీ," అన్నారు.

కాలనీలో గది వేడి కొలిచే పరికరం ఎవరి దగ్గరా లేదు. మా ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు ఉంది. పోయిన సంవత్సరం కొన్నాను, వాడు నిద్రపోయేటప్పుడు కూడా చంకలో పెట్టి చూస్తుంటాను. దాన్ని మధ్యాహ్నం ఒంటిగంటకు స్కూటరు సీటు మీద పెట్టి షట్టరు దించాను. పావుగంట తరువాత తీసి చూస్తే పాదరసం చివరి గీత దాకా పోయి అక్కడ నిలబడి ఉంది. నూట ఎనిమిది. ఆ పైన గీతలు లేవు, ఉంటే ఎక్కేదే. నా కొడుకు నూట అయిదు దగ్గర పడిపోయాడు. స్కూటరు నూట ఎనిమిదిలో కూడా నిలబడే ఉంది. (స్టాండు వేసి ఉంది.)

"నూట ఎనిమిదా?" అని త్రినాథరావు గారు నిజంగానే కంగారుపడ్డారు. "ఇంత జ్వరంతో బండిని ఎలా ఉంచారమ్మా?" అని వెంటనే తనిఖీకి తేదీ వేశారు. మా వాడి గురించి ఆయన ఒక్కసారి కూడా కంగారుపడలేదని నేను అనడం లేదు. మా వాడికి ఫారం లేదు.

తనిఖీకి సాంకేతిక సభ్యుడు పెంటయ్య వచ్చాడు. పెంటయ్యది భానూరు. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు క్రేను నడిపాడు. అన్నేళ్ళు పైకప్పుకు అంత దగ్గరగా కూర్చున్న మనిషి మరొకరు లేరు కనుక, రేకులకు సంబంధించిన విషయాలన్నీ ఆయనకే అప్పగించారు. మనిషి మంచివాడు, నన్ను అక్కా అంటాడు.

తనిఖీ మధ్యాహ్నం పన్నెండుకు. గ్యారేజీలో మనిషి ఉన్నట్టు కనపడకూడదు. యాదగిరి ముక్కాలిపీట, తీగ చుట్టే యంత్రం, వార్నిషు డబ్బాలు మంచం కింద దాచాం. యాదగిరిని దాచడానికి మంచం కింద జాగా మిగల్లేదు. వాడు వెనక గోడ బయట నిలబడ్డాడు. అక్కడ చెట్టు లేదు, కొమ్మ లేదు. ఆ విధంగా నా కొడుకును ఎండ నుంచి కాపాడే కార్యక్రమంలో మొదటి మెట్టుగా వాడిని గంటన్నర ఎండలో నిలబెట్టాం. నేను లోపల పెంటయ్యతో మాట్లాడుతూనే గోడ అవతల ధబ్‌మన్న చప్పుడు కోసం చెవి పెట్టి ఉన్నాను.

పెంటయ్య రేకులు చూశాడు, గోడ తట్టాడు, స్కూటరు చుట్టూ తిరిగాడు. ముందున్న డిక్కీ తెరిచాడు. లోపల ఉల్లిగడ్డ ఉంది. పొద్దున యాదగిరి జేబులోంచి తీసి నాకు కనపడకుండా అందులో పడేశాడని నాకు అప్పుడే తెలిసింది.

"ఏందక్కా గిది," అన్నాడు పెంటయ్య. "ఇండ్ల వంట జేస్తున్నరా? వంట జేస్తె అది అర్రనే అయితది మల్ల. కాయితం ఆగిపోతది."

నోటికి వచ్చింది చెప్పాను. "వంట గాదు తమ్మీ. అది బండిదే. వడదెబ్బ తగుల్తదని పెట్టిన."

పెంటయ్య ఉల్లిగడ్డను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. ఆయన జేబు కూడా ఒక పక్క ఉబ్బెత్తుగా ఉంది.

"ఎన్ని పెట్టినవక్కా?"

"ఒకటే."

"ఒకటి మనిషికి. బండికి రెండు సక్రాలుంటయి గదా. రెండు పెట్టాలె," అని మందలించి, డిక్కీ మూసి, పుస్తకంలో రాసుకున్నాడు.

పది రోజుల్లో మంజూరు పత్రం వచ్చింది. వాహన సంరక్షణార్థం గోడకు రంధ్రం చేసి కూలరు అమర్చుటకు, రేకుల కింద థర్మాకోల్ షీట్లు బిగించుటకు, పైన సున్నం వేయుటకు, షట్టరుకు తడి గోనె కట్టుటకు అనుమతి. బీర తీగకు కూడా అనుమతి (ఇప్పుడది అంతస్తు కాదు, "వాహనపు నీడ"). షరతులు అయిదు. ఒకటి, వాహనము ప్రతిరోజూ ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు గ్యారేజీలోనే విశ్రాంతిగా ఉండవలెను. రెండు, ఏ మనిషియు తుడుచుట, గాలి చూచుట వంటి పనులకు తప్ప లోపల ఉండరాదు, ఉన్నచో పది నిమిషములకు మించరాదు. మూడు, వచ్చిన సమయము, పోయిన సమయము రిజిస్టరులో రాయవలెను. నాలుగు, సంఘము వారు ఎప్పుడైనను తనిఖీ చేయవచ్చును. అయిదు, ఉల్లిగడ్డలు రెండు.

మా వాడు మూడు రోజుల్లో అంతా బిగించాడు. పారేసిన కూలర్ల ముక్కలు ఏరి ఒక కూలరు చేశాడు. దానికి కొత్త గడ్డి పెట్టాడు. కంపెనీలో పారేసిన థర్మాకోల్ మా ఆయన గేటులో చెప్పి తెచ్చాడు. నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు నేను లోపల అడుగుపెడితే చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఇంత చల్లదనం మా ఇంటికి రావడం మంచి శకునమా కాదా అని భయపడ్డాను కూడా.

ఇక షరతులు. మొదటి షరతు మా ఆయన మీద పడింది. ఆయన రెండో షిఫ్టు రెండు గంటలకు మొదలవుతుంది. ఒంటిగంటకు బయలుదేరాలి. స్కూటరు అయిదింటి దాకా విశ్రాంతి తీసుకోవాలి. కంపెనీకి మూడు కిలోమీటర్లు ఆయన నడిచి పోవడం మొదలుపెట్టాడు. నెత్తిన తువ్వాలు వేసుకుని గ్యారేజీ ముందు ఒక్క క్షణం ఆగి లోపలికి చూసేవాడు.

"పండుకున్నదా?" అని అడిగేవాడు స్కూటరు గురించి. "మంచిగ పండుకోనీ. నేను పోయొస్త."

రెండో షరతు యాదగిరి మీద పడింది. మోటారులో తీగ చుట్టడమంటే చుట్లు లెక్కపెట్టడం. ఒక్కో చుట్టకు రెండు వందల నలభై చుట్లంటే అవే పడాలి, ఒకటి తప్పితే మోటారు మళ్ళీ కాలుతుంది. వాడు నూట తొంభై దాకా వచ్చేసరికి పది నిమిషాలు అయ్యేవి. బయటికి పోయి రిజిస్టరులో సంతకం పెట్టి, ఎండలో నిలబడి, మళ్ళీ సంతకం పెట్టి లోపలికి వచ్చేసరికి లెక్క పోయేది. విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అయినా వాడి ముఖంలో కళ కనిపించింది. సాయంత్రం రెండో మారు అన్నం పెట్టించుకున్నాడు. నేను థర్మామీటరు రోజుకు మూడుసార్లే వాడాను.

ఎనిమిదో రోజు త్రినాథరావు గారు చల్లదనం తనిఖీకి వచ్చారు. స్కూటరు సీటు మీద చేయి వేసి చూశారు. తృప్తిగా తల ఊపారు. ఒకసారి చూస్తే సరిపోదు, కాసేపు ఉండి గమనించాలన్నారు. నేను కుర్చీ వేశాను. ఆయన సాయంత్రం దాకా గమనించారు. మర్నాడు తన మడత కుర్చీ తెచ్చుకున్నారు. ఆ మర్నాడు సంఘం దస్త్రాలు వచ్చాయి. ఆఫీసు గదిలో వేడికి కాగితాలు పెళుసెక్కి విరుగుతున్నాయట. దస్త్రాలు వచ్చాక బల్ల రాక తప్పదు. బల్ల వచ్చాక పెంటయ్య వచ్చాడు. ఏప్రిల్ ఆఖరుకు మా షట్టరు పైన "కార్యాలయము, పని వేళలు 10 నుండి 5" అన్న బోర్డు వేలాడింది.

నేను మంజూరు పత్రం చేత్తో పట్టుకుని అడిగాను. "సార్, మనుషులు పది నిమిషాలకంటె ఎక్కువ ఉండొద్దని మీరే రాసిన్రు గదా."

"మంచి ప్రశ్న అడిగారండీ," అని త్రినాథరావు గారు మెచ్చుకుని, తీర్మానాల పుస్తకం తిరగేసి చూపించారు. విధి నిర్వహణలో ఉన్న కార్యవర్గ సభ్యులను, పద్నాలుగు ఇ ప్రయోజనముల నిమిత్తము, మనుషులుగా పరిగణించరాదని కిందటి వారమే ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు. ప్రతిపాదించింది త్రినాథరావు గారు, బలపరచింది పెంటయ్య. అంత స్పష్టంగా ఒప్పుకున్నాక నేనేం అనగలను?

బల్ల పట్టాలంటే యాదగిరి సామాను అడ్డం. వాడి పది నిమిషాలకు సభ్యుల ఏకాగ్రత కూడా చెడుతోంది. అందుకని వాడిని ముందు వాకిట్లోకి జరిపారు. గోడకూ గేటుకూ మధ్య పాత తాడుపత్రి పట్టా ఒకటి కట్టుకుని దాని కింద కూర్చున్నాడు. తాడుపత్రికి రెండు చోట్ల చిరుగులు. ఎండ సరిగ్గా వాటిలోంచి వాడి మెడ మీదే పడేది. నేను చీర కొంగుతో కొలిచి మరీ చెబుతున్నాను. అరగంటకోసారి నీళ్ళు తీసుకుని పోయేదాన్ని.

"ఏం గాదు తియ్యమ్మా," అనేవాడు. "జెర పక్కకు జరుగు, ఎల్తురుకు అడ్డమొస్తున్నవ్."

మే పంతొమ్మిది, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట ముప్పై అయిదు నిమిషాలు. నేను చెంబుతో గడప దాటుతున్నాను. వాడు ఒక కూలరు ముందు వంగి ఉన్నాడు. అలాగే వంగుతూ పోయి దాని మీద తల ఆనించాడు. తరువాత జారాడు. (ఆ కూలరు త్రినాథరావు గారి ఇంటిది.)

నా అరుపుకు పెంటయ్య లోపలి నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం వాడిని ఎత్తి, కాలనీ మొత్తంలో చల్లగా ఉన్న ఒకే ఒక చోటికి, అంటే మా గ్యారేజీలోకి తీసుకుపోయి స్కూటరు పక్కన నేల మీద పడుకోబెట్టాం. పెంటయ్య కూలరు తొట్టిలోంచి నీళ్ళు తోడి వాడి మీద పోశాడు. ఒళ్ళు పెనంలా ఉంది. నేను వాడి పేరు పిలుస్తూనే ఉన్నాను. త్రినాథరావు గారు డాక్టరు కోసం మనిషిని పంపించి, వచ్చి బల్ల దగ్గర కూర్చుని, రిజిస్టరులో వచ్చిన సమయం రాశారు.

ఆరో నిమిషంలో వాడు కళ్ళు తెరిచాడు. ఎనిమిదో నిమిషంలో "అమ్మా" అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. తొమ్మిదో నిమిషంలో త్రినాథరావు గారు గడియారం చూసుకున్నారు. ఆయనకు చెమటలు పట్టాయి. ఆ గదిలో చెమట పట్టడం అంత తేలిక కాదు.

"సార్, ఇప్పుడు బయటికి తీసుకపోతె సచ్చిపోతడు సార్," అన్నాను.

"నాకు తెలీదా అమ్మా," అన్నారాయన. "కానీ ఆ షరతు నా చేత్తో రాశాను. నేనే దాటితే రేపు నూట పన్నెండు ఇళ్ళవాళ్ళూ నన్ను అడగరా?"

అప్పుడు, తడి చేతులతో వాడి తలను తన తొడ మీద పెట్టుకుని ఉన్న పెంటయ్య తలెత్తాడు.

"సార్, బండికి స్టెప్నీ ఉంటది గదా. స్టెప్నీకి టైం లేదు గదా సార్."

త్రినాథరావు గారు పుస్తకం గబగబా తిప్పారు. వాహనపు అదనపు చక్రము, ఇతర విడిభాగములు వాహనముతో సమానముగా సంరక్షణ పొందును. ఆయన ఊపిరి వదిలారు. రిజిస్టరులో వాడి పేరు "మనుషులు" అన్న వరుసలోంచి కొట్టేసి, ఎదుటి పేజీలో గుండ్రని అక్షరాలతో "స్టెప్నీ: ఒకటి (యాదగిరి)" అని రాసి, చిన్న సంతకం పెట్టారు. పదో నిమిషం ఇంకా పూర్తి కాలేదు.

డాక్టరు వచ్చి సెలైన్ సీసా ఎక్కడ వేలాడదీయాలని అడిగాడు. స్కూటరు హ్యాండిలుకు కట్టాం. సీసా ఖాళీ అయ్యాక త్రినాథరావు గారు రిజిస్టరులో ఎదురుగా "పెట్రోలు, ఒకటి" అని రాసుకున్నారు. ఈసారి డాక్టరు తన మాట పూర్తి చేశాడు. "సమయానికి చల్లటి చోటుకు తెచ్చారు, లేకపోతే పోయేవాడు," అన్నాడు. పూర్తి చేయకుండా ఉంటేనే బాగుండేది.

ఇప్పుడు యాదగిరి పది నుంచి అయిదు దాకా గ్యారేజీలోనే ఉంటున్నాడు. స్టెప్నీ బండిని ఆనుకునే ఉండాలి కనుక ముక్కాలిపీట స్కూటరుకు ఆనించి వేసుకున్నాడు. సంతకాలు లేవు, చుట్ల లెక్క పోవడం లేదు. తనిఖీలో పెంటయ్య వాడి భుజం మీద తట్టి, గాలి సరిపోయింది అని రాసుకుంటాడు. వాడి పేరును మళ్ళీ మనుషుల వరుసలోకి మార్పించాలా అని త్రినాథరావు గారు పోయిన వారం మర్యాదగా అడిగారు. నేను చేతులు జోడించి, వానలు పడేదాకా వద్దన్నాను.

మా ఆయన సంగతి కూడా అడిగాను. రిజిస్టరు చూసి, స్కూటరుకు ఒకటే స్టెప్నీ ఉంటుందండీ అన్నారు. ఆయన ఇంకా ఒంటిగంటకు నడిచే పోతున్నాడు. గేటు దగ్గర ఆపి ఆయన జేబులో ఉల్లిగడ్డలు వేస్తున్నాను. కాళ్ళు రెండు కనుక రెండు. మనిషిగా పుట్టినవాడికి మా కాలనీలో ఏ ఫారం లేకుండా దొరికే చల్లదనం ప్రస్తుతానికి అంతవరకే ఉంది.